అత్తయ్య నీడంత గది

ఆ వేసవిలో ఇంట్లోనే బాత్‌రూం కావాలని పట్టుబట్టింది నేనే. ఆ ముక్క ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుంది.

అప్పటికి నాకు ఆరో నెల. బల్కాన్ కొండల కింద కామెన్‌దోల్ అనే మా ఆయన ఊళ్ళో కాపురం పెట్టి రెండేళ్ళు దాటింది. మరుగుదొడ్డి పెరటి చివర, ప్లమ్ చెట్లు దాటాక ఉండేది. గుమ్మం నుంచి నలభై ఏడు అడుగులు. మంచులో నడిచినదాన్ని గనుక లెక్క తెలుసు. స్నానమంటే వంటపాకలో రేకు తొట్టి, పొయ్యి మీద కాగిన రెండు బిందెల నీళ్ళు. నేనేమో రూసే పట్నంలో ఏడో అంతస్తులో, కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళొచ్చే ఇంట్లో పెరిగినదాన్ని. మొదటి చలికాలం ప్రేమతో గడిపేశాను, రెండోది పంతంతో. మూడో చలికాలానికి చేతిలో పసిబిడ్డ ఉంటుంది.

"మంచు పడేలోగా ఇంట్లో బాత్‌రూం ఉండాలి. లేదంటే మా అమ్మ దగ్గరికి పోతాను. పుట్టాక వచ్చి చూసుకో నీ బిడ్డని" అని తిహొమిర్‌కి తెగేసి చెప్పాను.

తిహొమిర్ పక్క ఊరి బడిలో డ్రిల్లు మాస్టారు. వేసవంతా సెలవులే. మేస్త్రీని పిలుద్దామంటే మా చుట్టుపక్కల మేస్త్రీలందరూ జర్మనీలో గోడలు కడుతున్నారు. "మేస్త్రీ ఎందుకే? ఫోన్లో అన్నీ చూపిస్తున్నారు" అన్నాడు. రోజూ అన్నం తింటూ ఒక బట్టతలాయన వీడియోలు చూసేవాడు. ఆయన నవ్వుతూ ఇటుక పెట్టేవాడు, నవ్వుతూ పలక అతికేవాడు, చెమట పట్టేది కాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా ఆయన పెళ్ళి చేసుకుని చూశాడు, రెండోది మిగిలిపోయింది.

మా అత్తగారు రాయ్నా పొట్టి మనిషి, నా భుజం దాటదు. గుండెజబ్బు. మాటకి మాత్రం జబ్బేమీ లేదు. బాత్‌రూం సంగతి విన్న రోజున బీన్సు వలుస్తూ తల కూడా ఎత్తలేదు.

"తినే గదికి ఆనుకుని దొడ్డి కడతార్రా? దేవుడి పటం ఆ గోడకే ఉంది."

"పటం ఇటు జరుపుదామమ్మా" అన్నాడు తిహొమిర్.

"దేవుణ్ణి జరిపేవాడివి, రేపు నన్నూ జరుపుతావు" అంది. తరవాత నా పొట్ట వైపు చూసి, "సరే, కట్టండి. పునాదికి పుంజుని మాత్రం కొయ్యాలి. ఎర్రదాన్ని ఉంచాను" అంది.

"బాత్‌రూంకి పుంజేంటమ్మా! అదేమన్నా కోటా? మోకాలి లోతు గుంట."

"గుంట గుంటే. నేల కోరేది నేల కోరుతుంది."

తిహొమిర్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ బట్టతలాయన వీడియోల్లో పుంజు ఊసు లేదు మరి.

*

జూలై నడిమి గురువారం ముగ్గు వేశాం, అంటే పునాదికి గుర్తులు పెట్టాం. కొలిచే టేపు పొద్దున్నే తిహొమిర్ జేబులోంచి జారి బావిలో పడింది. కొత్తది తేవాలంటే పట్నం పోవాలి, బస్సు మర్నాటికి గాని లేదు. అతనికి ఓపికా లేదు. పురికొస ఉండ, నాలుగు కొయ్య గూటాలు, సుత్తి పట్టుకుని ఇంటి వెనక మూలకి వచ్చాడు.

సాయంత్రం ఐదయింది. "ఇదిగో, ఈ మూలన నించో. కొస కాలి కింద తొక్కిపెట్టు" అన్నాడు. నించున్నాను. ఎండ వీపు మీద కొడుతోంది. నా నీడ ముందుకి పడుకుంది, నాకంటే కాస్త పొడుగ్గా. తిహొమిర్ తల వంచుకుని ఆ నీడ పక్కనే పురికొస పరుచుకుంటూ వెళ్ళాడు. వెళ్ళి, నీడ తల దగ్గర ఆగాడు. "ఇంత చాలదూ? తొట్టి పట్టి ఇంకా మిగులుతుంది. కదలకు" అని కత్తి కోసం వెనక్కి తిరిగాడు.

అప్పుడే మా అత్తగారు తోటలోంచి మిరపకాయల గంప ఎత్తుకుని వస్తోంది. గంప అక్కడే పడేసింది. కాయలన్నీ దొర్లాయి. గుండెజబ్బు మనిషి అంత పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చి నా భుజం పట్టి పక్కకి నెట్టింది. ఎంత గట్టిగానంటే గోడకి ఆనుకోకపోతే పడేదాన్నే.

"జరుగు. కడుపుతో ఉన్నదానివి ఎండలో నిలబడతావేం? నేను పట్టుకుంటాను" అని కొస తను తొక్కింది.

నాకు ఒళ్ళు మండింది. ఎండంటే ఐదు గంటల ఎండ. రెండేళ్ళుగా ఇదే వరస. నేను వండుతుంటే గరిటె లాక్కుంటుంది, నేను ఉతికింది మళ్ళీ ఉతుకుతుంది. ఇప్పుడు నా బాత్‌రూంకి కొస కూడా నన్ను పట్టుకోనివ్వదు. గోడకి ఆనుకుని మొహం గంటు పెట్టుకున్నాను.

తిహొమిర్ కత్తి తెచ్చి చూసేసరికి అక్కడ అమ్మ ఉంది. నీడా మారింది, పొట్టిదయింది. పురికొస కొస వెనక్కి లాగి కొత్త నీడ తల దగ్గర పట్టుకుని, టక్కున కోసి, అక్కడ గూటం కొట్టాడు.

"చూశావామ్మా, నీ నీడంతే మన బాత్‌రూం!"

"అంతే ఉండనీ. చాల్లే" అంది ఆవిడ. కిందపడ్డ కాయలు ఏరుకుంటూ చాలాసేపు లేవలేదు. నేను వంగి సాయం చెయ్యలేదు. ఆ మొండితనం ఇప్పటికీ నన్ను కోస్తుంది.

శనివారం పునాదిలో కాంక్రీటు పోశాడు. ఇనపకడ్డీలు కట్టే తీగ ఒక మూలకి చాల్లేదు. పడి ఉన్న ఆ పురికొస తీసుకుని నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. పైన కాంక్రీటు పోసేశాడు. మా అత్తగారు ద్రాక్ష పందిరి కింద నిలబడి అంతా చూసింది. మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుంది. బాత్‌రూంకి కూడా దండం పెడుతోందని నేను తిహొమిర్ చెవిలో గొణిగితే అతను పగలబడి నవ్వాడు.

*

గోడలు లేచాయి. ఎలా లేచాయని అడక్కండి. పక్కింటి మిన్కో తాత ఒకప్పుడు ఊళ్ళూళ్ళూ తిరిగి వంతెనలు కట్టిన మేస్త్రీ. ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి, నోరు వణకదు. కంచె మీద మోచేతులాన్చి నించునేవాడు.

"ఒరేయ్ మాస్టారూ, ఆ గోడకి కూడా డ్రిల్లు నేర్పుతున్నావేంట్రా? పక్కకి వంగుతోంది!"

"గచ్చుకి వాటం ఎటురా పెట్టావు? నీళ్ళు జాలీలోకి పోవాలా, మీ అమ్మ మంచం కిందికి పోవాలా?"

తిహొమిర్ గచ్చు పగలగొట్టి మళ్ళీ పోశాడు. రెండోసారికి నీళ్ళు జాలీలోకే పోయాయి. ఆ రోజు కుర్రాడిలా గంతులేశాడు. ఓ చెంబుడు నీళ్ళు పోయడం, అవి పారుతుంటే నన్ను పిలిచి చూపించడం, ఇదే పని.

ఆగస్టు మొదట్లో తొట్టి వచ్చింది. తెల్లటి స్నానపు తొట్టి, పట్నంలో పడగొట్టిన హోటల్లోది. నలుగురు మోసుకొచ్చారు. లోపలికి పెట్టబోతే పట్టలేదు. అడ్డంగా పెట్టారు, ఏటవాలుగా పెట్టారు, జానెడు తక్కువ. పూత మందం, పలకల మందం మా ఆయన లెక్కలో వేసుకోలేదు. అవి పోగా మిగిలినంత గది మిగిలింది.

నేను నలుగురి ముందూ ఏడ్చేశాను. ఆ తొట్టిలో బిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోస్తానని ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఏడుస్తూ ఏడుస్తూ మా అత్తగారి వైపు తిరిగాను.

"నేను నించుని ఉంటే ఇది పట్టేది! నీ పొట్టి నీడతో కొలిపించావు. నీకు నా సుఖం చూస్తే కళ్ళమంట!"

తిహొమిర్ "నేవెనా!" అని గద్దించాడు. మా అత్తగారు తలగుడ్డ కొసతో తొట్టి అంచుకంటిన దుమ్ము తుడిచి, "కోళ్ళకి నీళ్ళు పెట్టుకోవచ్చులే" అంది. ఇంత నోరున్న మనిషి నాకు ఎదురు జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. నేను గెలిచాననుకున్నాను.

అప్పటినుంచి ఆవిడ తీరే మారింది. గరిటె నా చేతికిచ్చింది. క్యాబేజీ ఊరగాయకి ఉప్పు ఎంత పడుతుందో, పీపాకి అడుగున మొక్కజొన్న గింజలు ఎందుకు వెయ్యాలో కూర్చోబెట్టి చెప్పింది. తన గదికి తనే సున్నం వేసుకుంది. పెట్టె అడుగునుంచి నల్ల బట్టలు తీసి ఎండలో వేసింది. ఒకరోజు బస్సెక్కి పట్నం వెళ్ళి ఫోటో తీయించుకొచ్చింది. "ఇదెందుకత్తా?" అంటే, "గుమ్మానికి అంటించడానికి బాగుండొద్దూ? పెళ్ళినాటిది పెడితే ఎవరూ గుర్తుపట్టరు" అంది. మా దగ్గర మనిషి పోతే ఫోటోతో కాగితం అచ్చువేయించి గుమ్మానికి, కరెంటు స్తంభాలకి అంటిస్తారు. ముసలివాళ్ళు అలాంటి మాటలు మాట్లాడుతూనే ఉంటారని నేను పట్టించుకోలేదు.

*

మరియమ్మ పండగ ఆగస్టు పదిహేనున. గుడి నుంచి వస్తూ మిన్కో తాత గుమ్మంలో ఆయాసం తీర్చుకుంటుంటే నీళ్ళిచ్చాను. మాటల్లో మా అత్తగారి వరస చెప్పాను, నవ్వుతూనే. ఆయన నవ్వలేదు.

"పునాదికి పుంజుని కోశారా?"

"లేదు తాతా."

"మరి కొలిచేటప్పుడు ఎవరి నీడన్నా పడిందా తాడు మీద?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన గ్లాసు కింద పెట్టాడు. పాతకాలం మేస్త్రీలు గోడ నిలవాలంటే దారినపోయేవాళ్ళ నీడ దొంగతనంగా తాడుతో కొలిచి, ఆ తాడు పునాదిలో పెట్టేవారట. పుంజుని కోస్తే సరి, లేకపోతే నేల ఆ నీడ మనిషిని తీసుకుంటుందట. నలభై రోజులు గడువట. "నేనూ ఒకసారి పెట్టాను, వంతెనకి" అని ఆగిపోయాడు. ఎవరి నీడని నేను అడగలేదు.

లోపల బిడ్డ తన్నుతోంది. ఆ సాయంత్రం దొర్లిన మిరపకాయలు, భుజం మీద పడ్డ చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చాయి. నేను పట్నంలో చదువుకున్నదాన్ని. ఇవన్నీ నమ్మను. కానీ ఆవిడ నమ్ముతుంది. నమ్మి, నన్ను నెట్టి, నా చోట నిలబడింది. అది నమ్మకపోవడానికి నాకు దారి లేదు.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ముప్ఫై రోజులయ్యాయి, ఇంకా పది ఉన్నాయి.

మా ఆయనతో సగమే చెప్పాను. "మీ అమ్మ నీడ కొలిచి తాడు పునాదిలో పెట్టావని ఆవిడ నలభై రోజుల్లో చచ్చిపోతాననుకుంటోంది. ఆ తాడు తీసెయ్" అన్నాను. అతను ముందు నవ్వాడు, తరవాత విసుక్కున్నాడు. పునాది మీద గోడ లేచింది, పలకలు అతికాడు, గచ్చు రెండుసార్లు పోశాడు. కానీ మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి సుత్తి, ఉలి పట్టుకుని మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన చేతులతో కట్టిన మొదటి గోడ. అమ్మ కోసం పగలగొట్టడానికి సిద్ధపడ్డాడు. అతని మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది.

ఒక్క దెబ్బ పడిందో లేదో మా అత్తగారు వచ్చేసింది. ఉలి మీద చెయ్యి పెట్టింది.

"లే పైకి."

"అమ్మా, నీ మనసులో ఏదో ఉందట కదా. తీసేస్తే పోలా?"

"నా మనసులో ఏమీ లేదు. ఆ మిన్కో గాడు సారా ఎక్కువై వాగాడు. పనికొచ్చే గోడ పగలగొట్టావంటే నీ చేతి అన్నం ముట్టను. లే."

అతను లేచాడు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు కూడా. సుత్తి భుజానేసుకుని పలకల సందులు పూడ్చే పిండి కలుపుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పెరట్లో మిరపకాయలు కాల్చుతున్నాం. ఆవిడ కాల్చడం, నేను తొక్క తియ్యడం. పొగకి ఇద్దరికీ కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. అదను చూసి అడిగాను.

"అత్తా, నన్నెందుకు నెట్టావు?"

"ఎండగా ఉందని."

"అత్తా."

ఆవిడ కాయ తిప్పింది. "తెలిసిందిగా. మళ్ళీ అడగడమెందుకు?"

"తాడు తీసేస్తే పోయేదానికి వద్దన్నావేం?"

"పిచ్చిదానా. ఇచ్చింది వెనక్కి లాక్కుంటే నేల ఊరుకుంటుందా? మొదట చూసినదాన్ని వెతుక్కుంటుంది. మొదట తాడు పడింది నీ మీద, నీలో ఉన్నదాని మీద. రెండు నీడలు ఒకే చోట." చేతిలోని కాయ నిప్పుల్లో మాడిపోతోంది, ఆవిడ చూసుకోలేదు. "వాడికి చెప్పకు. చేతులారా చేశానని కుమిలిపోతాడు. వాడిది మెత్తటి గుండె, వాళ్ళ నాన్న పోలిక."

"ఇవన్నీ ఉత్తుత్తివే అత్తా. ఏమీ కాదు, చూస్తుండు."

"కాకపోతే మంచిదే. ఏడవకు, మిరప చేత్తో కళ్ళు తుడుచుకోకు" అంది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. తొట్టి దగ్గర అన్న మాటకి క్షమించమన్నాను. "ఏ మాట? నాకు చెవుడు కదా" అంది. ఆవిడకి చెవుడు లేదు.

*

మిగిలిన పది రోజులూ ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉన్నాను. మెట్లు ఎక్కనివ్వలేదు, బావి దగ్గరికి పోనివ్వలేదు. మాత్రలు నేనే చేతిలో పెట్టి మింగేదాకా చూశాను. "కోడలు వచ్చి అత్తగారయింది" అని మిన్కో తాతతో చెప్పుకుని నవ్వింది. ఆ పది రోజులే నిజంగా మేం అత్తాకోడళ్ళంగా బతికింది. రాత్రి అన్నాలయ్యాక నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఇదుగో మడమ, ఇదుగో మోచెయ్యి" అని వెతికేది.

ఇరవై ఐదో తేదీకి నలభై రోజులు. ఆ రోజు నేను జున్ను పెట్టి బానిత్సా కాల్చాను. పెద్ద పళ్ళెమంత రొట్టె, పొరలు పొరలుగా పొంగింది. సాయంత్రం తిహొమిర్ కొత్త బాత్‌రూంలో కుళాయి తిప్పాడు. గీజరు బుస్సుమంది, వేణ్ణీళ్ళొచ్చాయి. ముగ్గురం ఆ ఇరుకు గదిలో నిలబడి చూశాం. సూర్యుడు కొండ దిగిపోయాడు. మా అత్తగారు బతికే ఉంది.

"చూశావా అత్తా, ఏమీ కాలేదు!" నేను ఆవిడ బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకున్నాను.

ఆవిడ మొహంలో సంతోషం లేదు. గచ్చు మీద జాలీలోకి పోతున్న నీళ్ళనే చూస్తోంది.

"మరి నన్ను తీసుకోకపోతే ఎవరి కోసం ఆగినట్టు?" అంది మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా.

నేను నవ్వేశాను. గడువు దాటిపోయింది కదా, ఇక బుర్రలోంచి తీసెయ్యమన్నాను. నా భయం పోయింది గనుక ఆవిడదీ పోయిందనుకున్నాను. ఆకలిగా ఉండి బానిత్సా రెండు ముక్కలు తిన్నాను.

మూడో రోజు పొద్దున్న నాకు రక్తం కనబడింది. తిహొమిర్ పక్కింటి కారు తీసి ఆసుపత్రికి పరుగెత్తించాడు. కారు వెనక సీట్లోంచి చూస్తే మా అత్తగారు గేటు పట్టుకుని నిలబడి ఉంది. మనిషి సున్నంలా పాలిపోయింది. నేను చెయ్యి ఊపాను, ఆవిడ ఊపలేదు.

డాక్టర్లు ఆరు రోజులు పడుకోబెట్టారు. రక్తం రెండో రోజుకే ఆగింది. మావి కాస్త కిందికి ఉందని, అదే సర్దుకుంటుందని, మంచం దిగొద్దని చెప్పారు. తిహొమిర్ ఇంటి నుంచి ఫోన్ చేసి వాళ్ళమ్మకి ఇస్తే, "ఆగిందా? నిజంగా ఆగిందా?" అని రెండు మూడుసార్లు అడిగింది. "ఆగింది అత్తా, మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాను. "నా సంగతి నేను చూసుకుంటాన్లే అమ్మాయ్. నువ్వు కాళ్ళు ఎత్తుగా పెట్టుకో" అంది.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఆవిడ చీలమండలు వాచాయి, రెండడుగులకే ఆయాసపడుతోంది. డాక్టరు దగ్గరికి పోదామంటే, "నిన్నటిదాకా నీతో తిరిగాడు వాడు. రేపు చూద్దాం" అంది. ఆ రేపు మేం చూడలేదు. మర్నాడు పొద్దున్న కోళ్ళకి మేత వేసి వచ్చి, ద్రాక్ష పందిరి కింద బల్ల మీద కూర్చుంది. తిహొమిర్ కాఫీ తెచ్చేలోపు పోయింది.

*

కడుపుతో ఉన్నవాళ్ళు శవం దగ్గరికి పోకూడదని మా ఆచారం. ఊరి ఆడవాళ్ళు నా మణికట్టుకి ఎర్రదారం కట్టి, వంటగదిలో కూర్చోబెట్టి తలుపు మూశారు. అవతలి గదిలో ఆవిడకి ద్రాక్షసారా కలిపిన నీళ్ళతో స్నానం చేయిస్తున్నారు. నేను ఇటు గోడకి చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తల దువ్వే భాగ్యం కూడా నాకు దొరకలేదు.

ఎవరో తలుపు కొంచెం తీసి, వచ్చినవాళ్ళకి లిండెన్ పూల టీ కాయమన్నారు. అల్మరా పైఅరలో డబ్బా ఉంది. మూత తీసి చెయ్యి పెట్టాను. ఎండిన పూల కింద వేళ్ళకి మాత్రలు తగిలాయి. విడి మాత్రలు, కాగితంలో పొట్లం కట్టి ఉన్నాయి. పొద్దున్నవి తెల్లవి, రాత్రివి పసుపువి. విప్పి బల్ల మీద పేర్చి లెక్కపెట్టాను. నన్ను కారెక్కించిన రోజు నుంచి ఒక్కటీ మింగలేదు. పూటకి ఒకటి తీసి, ఎవరికీ అనుమానం రాకుండా ఖాళీ అట్ట కనబడేలా పెట్టి, ఇందులో దాచింది. పారెయ్యడానికి చేతులు రాలేదేమో. మందు పారెయ్యడం పాపమనుకునే తరం.

గోడకవతల ఆడవాళ్ళు చనిపోయినవాళ్ళ పాట ఎత్తుకున్నారు. నేను మాత్రలన్నీ ఒడిలో వేసుకుని కొత్త బాత్‌రూంలోకి వెళ్ళి, ఒక్కొక్కటీ నీళ్ళలో వదిలేశాను. కుళాయి బాగా తిప్పి, ఆ చప్పుడులో నోరు తెరిచి ఏడ్చాను. తరవాత మొహం కడుక్కుని టీ కాచాను.

డాక్టరు కాగితంలో గుండె ఆగిపోయిందని రాశాడు. గుమ్మానికి ఆ కొత్త ఫోటో అంటించాం. అందరూ గుర్తుపట్టారు.

అక్టోబరు ఆఖరున నాకు ఆడపిల్ల పుట్టింది, ఏ లోటూ లేకుండా. రాయ్నా అని పేరు పెట్టాం. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. పొట్టి పిల్ల, నోరు పెద్దది.

తిహొమిర్ మళ్ళీ సుత్తి పట్టలేదు. షవరు కింద రెండు పలకలు ఊడిపోయి మూడేళ్ళయింది. ఎవరినన్నా పిలుద్దామన్నా ఊరుకోడు, తనూ చెయ్యడు. ఏడాదికి మూడుసార్లు పెద్దల శనివారాలొస్తాయి. ఉడికించిన గోధుమలు, సారా పట్టుకుని సమాధి దగ్గరికి వెళతాం. ప్రతిసారీ అక్కడ అదే మాట.

"నేనే చంపాను నేవెనా. ఆ పుంజుని కోసి ఉంటే అయిపోయేది. నేనే నవ్వాను."

"గుండెజబ్బు మనిషి. డాక్టరు రాశాడుగా."

"నలభై రోజులు ఎక్కడ నుంచి లెక్కపెట్టాలో మనకేం తెలుసు? తాడు కోసిన రోజు నుంచి కాదేమో, గోడ పూర్తయిన రోజు నుంచేమో. నా చేత్తోనే ముడేశాను."

ఏ నమ్మకమూ లేని డ్రిల్లు మాస్టారు ఇప్పుడు ఇంత నమ్ముతాడు. తాడు కాదు, మాత్రలని ఒక్క మాట చెబితే అతని గుండె మీద బండ దిగిపోతుంది. చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పిన మరుక్షణం అతను అడుగుతాడు. గడువు దాటిపోయింది కదా, బతికి బయటపడింది కదా, మరి అమ్మ మాత్రలెందుకు మానేసింది? దానికి జవాబు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆ మూలన ముందు ఎవరు నిలబడ్డారో అతనికే గుర్తొస్తుంది. అప్పుడు నన్ను చూస్తాడు. తరవాత సమాధుల మధ్య గెంతుతున్న పిల్లని చూస్తాడు. వాళ్ళమ్మ ప్రాణం ఖరీదుగా దాన్ని చూసే కళ్ళు నాకు వద్దు.

అందుకని నేను నోరెత్తను. గోధుమల గిన్నె అతని చేతికిచ్చి, తినమంటాను. చెయ్యని హత్య నా భర్త నా కళ్ళెదుటే మోస్తున్నాడు, నేను మోయనిస్తున్నాను.